నాలుగో మోత

భీమమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అత్త జోగులమ్మ ఇంటింటికీ తిరిగి ఒకే మాట చెప్పింది. "కోడలు మంచిదే. పనిదొంగ గాదు. గానీ దాని నోట్ల ఎందుకు అనే మాట ఎప్పటికీ నానుతనే ఉంటది. గదే నా పరేషాన్."

అందులో అబద్ధం ఏమీ లేదు. నీళ్లు మరిగే ముందు కుండ ఎందుకు పాడుతుంది? మంట దగ్గర కాచిన డప్పు ఎందుకు ఖంగుమంటుంది, అదే డప్పు వానకు తడిస్తే ఎందుకు మూలుగుతుంది? అడిగి ఊరుకునే మనిషైతే ఎవరికీ బాధ లేకపోయేది. ఈమె చేతిలో పని చేతిలోనే ఆపి చూస్తూ కూర్చునేది. ఈలోగా పెనం మీద జొన్నరొట్టె మాడి బొగ్గయ్యేది. ఆ బొగ్గు తినవలసినవాడు మొగుడు నాగన్న కాబట్టి, ఎందుకు అనే మాట చెవిన పడితే చాలు ఆయన లేచి దొడ్లోకి పోయేవాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గానీ, ఆ ఇంట్లో మాత్రం అడిగే భీమమ్మే అందరికీ లోకువ.

ఒకనాడు ఎడ్లకు నీళ్లు పెడుతూ గోలెం ముందు అలాగే నిలబడిపోయింది. ఎద్దు తల ఎత్తినప్పుడు మూతి నుంచి ఒక బొట్టు గోలెంలో పడింది. పడ్డచోట గుండ్రంగా ఒక అల లేచి, పెద్దదవుతూ పోయి, రాతి అంచుకు తగిలి, మళ్లీ వెనక్కి వచ్చింది. అందులో ఏమంత వింత ఉంది, అందరూ చూసేదే. కానీ నీళ్ల మీద ఒక జొన్న పొట్టు తేలుతోంది. అల దాని కిందుగా పోతున్నప్పుడు పొట్టు లేచి దిగిందే తప్ప, ఉన్న చోటు నుంచి కదల్లేదు. భీమమ్మ మళ్లీ ఒక బొట్టు వేసింది. మళ్లీ అంతే. అల పోతోంది, నీళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తట్టలు అందించుకునే కూలీల వరసలో మనుషులు నిలబడ్డ చోటే ఉంటారు, తట్ట మాత్రం చేతులు మారి పోతుంది. ఇదీ అలాంటిదే అనుకుని తెగ సంబరపడింది. ఈ సంగతి నాగన్నకు చెబితే, "ఎడ్లు దప్పికకు సస్తున్నయ్, నువ్వు పొట్టుకు ఈత నేర్పుతున్నవా?" అన్నాడు.

మరోసారి వాగు అవతల చాకలాయన బండ మీద బట్టలు ఉతుకుతుంటే ఇవతలి గట్టున ఆగిపోయింది. బట్ట బండకు తగులుతోంది, చప్పుడు లేదు. ఆయన బట్టను మళ్లీ పైకి ఎత్తాక అప్పుడు వస్తోంది చప్పుడు. వాగు దాటి దగ్గరికి పోయి చూసింది. దెబ్బా చప్పుడూ ఒకేసారి. మళ్లీ ఇవతలికి వచ్చింది. మళ్లీ చప్పుడు వెనకబడింది. చాకలాయన బట్ట పక్కన పెట్టి, "ఏమక్కా, ఏమన్న పోగొట్టుకున్నవా?" అని కూడా అడిగాడు. భీమమ్మకు పోయిందేమీ లేదు. చప్పుడుకు కూడా నడక ఉంది, దూరం నుంచి రావడానికి దానికీ కాస్త సేపు పడుతుంది అనే ముచ్చట దొరికింది.

"చప్పుడుకు కాళ్లున్నయా? అయితే కొత్తకోట సంతల చెప్పులు కొని తొడుగు" అన్నాడు నాగన్న.

వాళ్ల చెలక కొత్తకోటకు తూర్పుగా, ఒక రాతిగుట్ట ఎదురుగా ఉంది. వాన పడితే జొన్నలు, పడకపోతే ఆకాశం వైపు చూపులు. వరసగా వానలు మొహం చాటేసేసరికి నాగన్న విసిగిపోయి బావి తవ్వించడానికి దిగాడు. జర్మనీ లడాయి జరుగుతున్న రోజులవి. దీపాలకు గ్యాస్‌నూనె దొరకదు, బట్ట దొరకదు, బండలు పగలగొట్టే మందూ దాని వత్తీ అసలే దొరకవు. అయినా నాగన్న మొండివాడు. వడ్డె మాసయ్యను తీసుకొచ్చి పని మొదలుపెట్టాడు.

మాసయ్య బావుల పనిలో ఆరితేరిన మనిషి. బండ మీద సుత్తెతో ఒక్క దెబ్బ కొట్టి, మోతను బట్టి కింద గట్టి రాయి ఉందో, పగులు ఉందో చెప్పేవాడు. సంతలో కుండలు కొనే ఆడవాళ్లు వేలితో కొట్టి చూసినట్టే అది. భీమమ్మకు అది చూస్తే ప్రాణం లేచి వచ్చేది. ఆయన లేనప్పుడు తనూ సుత్తె పట్టి బండంతా కొట్టి చూసింది. ఉత్తరం పక్కన బోలుగా మోగుతోంది, లోపల నీళ్ల దారి ఉండొచ్చు అని మొగుడి వెంటపడింది. నిజమేననుకుని ఒక పొద్దంతా అక్కడే తవ్వారు. బీట కనబడింది. బీటలో ఒక తేలు ఉంది. నీళ్లు లేవు. ఆ రోజు నుంచి కూలీలు ఆమె కనబడితే, "అక్కా, ఇయ్యాల తేళ్లు ఏ దిక్కున్నయ్?" అని అడిగేవారు. భీమమ్మ పైకి నవ్వేది గానీ ఆ మాట లోపల గుచ్చుకునేది.

మందు పేల్చే రోజున మాత్రం మాసయ్య నవ్వడు, నవ్వనివ్వడు. ఆయన తండ్రి బావిలోనే పోయాడు. పేలకుండా మిగిలిపోయిన మందు రాళ్ల కింద ఉంటే, తెలియక గడ్డపార దించాడు. అందుకని మాసయ్యకు ఒక కట్టుబాటు ఉంది. బండలో తొలిచిన ఎన్ని బొక్కల్లో మందు కూరితే అన్ని గులకరాళ్లు ఎడమ చేతిలో పట్టుకుంటాడు. ఒక్కో మోతకు ఒక్కో రాయి కుడి చేతికి మార్చుకుంటాడు. ఎడమ చేయి ఖాళీ అయితేనే బావిలోకి మనిషి దిగాలి. ఒక్క రాయి మిగిలినా మర్నాడు పొద్దు పొడిచేదాకా ఎవరూ దిగకూడదు. దిగేటప్పుడు కూడా వత్తి ముట్టించినవాడే మొదట దిగాలి. వేరేవాళ్ల ప్రాణం మీద పరీక్ష పెట్టకూడదని ఆ నియమం. వత్తి ముట్టించేవాడు నాగన్న.

మందు ముట్టించి అందరూ గుట్ట కింద ఉన్న రాతి సందులో దాక్కునేవారు. ఎగిరే రాళ్లకు అది మంచి అడ్డం. అయితే కిందటిసారి పేలుడుకు గుట్ట అదిరి, పైన ఉన్న పెద్ద తేనెపట్టు నుంచి ఈగలు లేచాయి. కూలీలు తలో దిక్కు పరుగెత్తారు. మాసయ్యకు ముఖం వాచి కళ్లు పూడుకుపోయాయి. "మందుకు భయపడలే గానీ ఈగలకు భయపడుడైంది" అని ఆయనే తర్వాత నవ్వుకున్నాడు. అప్పటి నుంచి గుట్ట దగ్గరికి ఎవరూ పోకూడదనీ, ఇకమీదట బావికి అవతలి పక్కన పాడుబడ్డ గొర్లదొడ్డి రాతిగోడ చాటున దాక్కోవాలనీ అనుకున్నారు. ఆ ఈగలు రెండు రోజులకే పట్టు వదిలి లేచిపోయాయి. గుట్ట దారిన కూడు తెచ్చే భీమమ్మ ఒక్కతే అది చూసింది. ఆమె చెప్పేదే గానీ, తేలు సంగతి తర్వాత చెప్పాలంటే నోరు రాలేదు.

మళ్లీ మందు పేల్చే రోజున పొద్దున్నే నాగన్న మనసు నిలకడగా లేదు. ముందురోజు బావి అడుగున ఒక మూల రాయి చెమ్మగా కనబడింది. చేయి పెడితే చల్లగా తగిలింది. ఇంకొక్క పేలుడు, నాలుగు గడ్డపార దెబ్బలు, అంతే, నీళ్లు. మరోవైపు నైరుతి మూల మబ్బు కమ్ముకొస్తోంది. వాన దిగితే ఒడ్డు విరిగి మన్నంతా బావిలో పడుతుంది. అడుగున మాసయ్య నాలుగు బొక్కలు తొలిచి మందు కూరాడు. ఎప్పుడూ అయితే ఒక వత్తికంటే ఇంకొక వత్తి పొడుగ్గా కోసేవాడు, మోతలు ఎడంగా వస్తే లెక్క తేలికని. ఈసారి వత్తి ముక్క చాలక నాలుగూ ఒకే కొలతకు కోశాడు.

జోగులమ్మ కూడా కొడుకు బావిలో నీళ్లు పడే ముచ్చట చూడాలని కర్ర పట్టుకుని వచ్చి గొర్లదొడ్డిలో కూర్చుంది. ఆమెకు చెవులు పోయి చాలా ఏళ్లయింది. పక్కన నిలబడి అరిస్తే తప్ప ఏమీ వినబడదు. నాలుగు పేలతాయని నాగన్న ఆమె చెవిలో అరిచి చెప్పాడు. 

భీమమ్మ రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని గుట్ట మలుపు తిరుగుతుండగా, "మందు! మందు!" అని కేకలు వినబడ్డాయి. ముందుకు పోవడానికి లేదు. పాత రాతి సందులోకి దూరి గంప దించింది. కాసేపటికి మోతలు వచ్చాయి. ధన్. ధన్. ధన్. ఒకదాని వెనక ఒకటి, తరుముకొచ్చినట్టు. భీమమ్మ ఇంకొకటి కోసం ఎదురుచూసింది. నాలుగు బొక్కలు తొలుస్తున్నారని రాత్రి మొగుడే చెప్పాడు. ఎంతసేపు చూసినా నాలుగోది రాలేదు. తను వచ్చేసరికే ఒకటి పేలిపోయిందేమో అనుకుని, గంప ఎత్తుకుని నడిచింది.

బావి దగ్గరికి వచ్చేసరికి పొగ ఇంకా తేలుతోంది. నాగన్న గడ్డపార భుజాన పెట్టుకుని దిగే తాడు సరిచూసుకుంటున్నాడు. మాసయ్య కుడి చేయి తెరిచి గులకరాళ్లు కింద పారబోశాడు.

"మొదటిది నేను రాకముందే పేలిందా?" అని అడిగింది భీమమ్మ.

"ఏం మొదటిది?"

"నాకు మూడే ఇనొచ్చినయ్. మందు మందు అని మీరు ఒర్లినంక మూడే."

నాగన్న చిరాకుగా చూశాడు. "నాలుగు పేలినయ్. నేను ఇన్న, మాసన్న ఇన్నడు, కూలోళ్లు ఇన్నరు. నువ్వొక్కదానివి మూడంటున్నవ్. నువ్వు వట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు గదా!"

కూలీలు నవ్వారు. వెనక నుంచి ఒకడు, "అక్కా, నాలుగోది తేలు మింగిందేమో" అన్నాడు. మాసయ్య మాత్రం నవ్వలేదు. "చెల్లే, నా చేతుల రాళ్లు నాలుగూ మారినయ్. నా తండ్రి మీద ఒట్టు" అన్నాడు. ఆయన ఒట్టు పెట్టుకుంటే ఇక మాట లేదు. భీమమ్మకు తన చెవుల మీద తనకే అనుమానం వచ్చింది. గాలి అటు కొట్టిందేమో, గంప దించే చప్పుడులో కలిసిపోయిందేమో. తేలు గుర్తుకొచ్చి నోరు మూసుకుంది.

అప్పుడు జోగులమ్మ కర్ర ఊతంతో మెల్లగా దొడ్డిలోంచి వచ్చింది. కొడుకు తాడు పట్టుకోవడం చూసి, "ఏందిరా, అప్పుడే దిగుతున్నవ్? ఇంకొకటి పేలాలె గదా!" అంది.

"నాలుగు అయిపోయినయ్ అవ్వా!" అని నాగన్న ఆమె చెవిలో అరిచాడు.

"యాడయినయ్? నేను గోడకు ఆనుకుని కూసున్న. నా కింద నేల మూడు సార్లే అదిరింది."

ఈసారి నవ్వు ఆగలేదు. చెవిటిదాని ముందు శంఖం ఊదితే, ఎముక కొరుకుతున్నావా అని అడిగిందట, అలా ఉందని కూలీలు పొట్ట పట్టుకున్నారు. చెవులున్న మగవాళ్లంతా నాలుగని చెబుతుంటే చెవుల్లేని ముసలామె లెక్క చెబుతోంది. నాగన్న కూడా నవ్వి, ఒక కాలు బావిలోకి పెట్టాడు.

భీమమ్మకు నవ్వు రాలేదు. అత్తకు చెవులు లేవు కాబట్టే ఆమె లెక్క వేరే దారిన వచ్చింది. నేల దారిన వచ్చింది. నేలకు మూడు, గుట్ట కింద ఉన్న తనకు మూడు, గొర్లదొడ్డిలో గాలిలో విన్నవాళ్లకు మాత్రం నాలుగు. ఇంతకుముందు గొర్లదొడ్డి నుంచి ఎవరూ ఎప్పుడూ వినలేదు. అక్కడే ఏదో ఉంది. ఏముంది? గోలెం గుర్తుకొచ్చింది. బొట్టు పడ్డచోట పుట్టిన అల అంచుకు పోయి, తగిలి, వెనక్కి వచ్చింది. గోలెం నడిమి నుంచి చూస్తే అది రెండుసార్లు కనబడుతుంది, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. అంచు దగ్గర నిలబడి చూస్తే? తగలడమూ తిరగడమూ ఒకటే. ఒక్కసారే.

తల ఎత్తి గుట్ట వైపు చూసింది. నిలువుగా, నున్నగా ఉన్న ఆ రాతిముఖమే గోలెం అంచు.

"దిగకు!" అని అరిచింది. నాగన్న చేతిలోంచి గడ్డపార లాక్కుని, నేల మీద పడేసి, దాని మీద కూర్చుంది. భర్త చేతిలోది లాక్కోవడం ఆ ఊళ్లో ఎవరూ చేయని పని. నవ్వులు ఆగిపోయాయి.

"లెవ్వే! మబ్బు సూస్తున్నవా లేదా?" నాగన్న ముఖం ఎర్రబడింది.

"లెవ్వ. నన్ను కొట్టినా లెవ్వ. ఒక్కటి సూసినంక దిగు. నేను తప్పయితే జిందగీల మళ్ల ఎందుకు అని అడగ. ఒట్టు."

ఆ ఒట్టుకు నాగన్న కూడా ఒక్క క్షణం ఆగాడు. అంత పెద్ద బేరం ఎవరు వదులుకుంటారు? మాసయ్య అందుకుని, "ఏం సూడాలె చెల్లే?" అని మెల్లగా అడిగాడు.

పిట్టలను అదిలించడానికి ఉంచిన పాత గ్యాస్‌నూనె డబ్బా ఒకటి కంచె దగ్గర పడి ఉంది. భీమమ్మ దాన్ని మాసయ్య చేతిలో పెట్టి, బావి ఒడ్డున నిలబడి సుత్తెతో ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టమంది. గడ్డపారను చంకన పెట్టుకునే లేచి, మొగుణ్ణీ కూలీలనూ గొర్లదొడ్డి గోడ దాకా నడిపించింది. అక్కడి నుంచి చేయి ఊపింది.

మాసయ్య కొట్టాడు. డబ్బా ఖణేల్‌మంది. అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. డబ్బా మోత సద్దుమణిగాక, గుట్ట వైపు నుంచి, కాస్త మెత్తగా, మళ్లీ ఖణేల్‌మని వినబడింది. మాసయ్య సుత్తె కిందికి దించే ఉన్నాడు.

"మళ్ల కొట్టు!" అని నాగన్న అరిచాడు. మళ్లీ కొట్టాడు. ఒక దెబ్బ, రెండు మోతలు.

భీమమ్మ అక్కడితో వదల్లేదు. నాగన్నను గుట్ట కిందికి తీసుకుపోయి రాతి సందులో నిలబెట్టింది. ఈగలున్నాయని ఆయన వెనకాడితే, "ఎప్పుడో లేచిపోయినయ్, నేను సూసిన" అంది. దూరం నుంచి మాసయ్య సుత్తె దిగడం కనబడింది, ఆ తర్వాత చప్పుడు వచ్చింది. ఒక్కటే. ఎంతసేపు ఆగినా రెండోది రాలేదు. నాగన్న రాతిముఖాన్ని చేత్తో తడిమి చూశాడు. 

తిరిగి వచ్చేసరికి మాసయ్య కింద పారబోసిన గులకరాళ్లను మళ్లీ ఏరి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"మాసన్నా, నాలుగో మోత ముందువాటి లెక్కనే ఉండెనా?" అని అడిగింది భీమమ్మ.

మాసయ్య రాళ్లలో ఒకదాన్ని వేలితో పక్కకు జరిపాడు. "జర మెత్తగ ఇనొచ్చింది. నాలుగో బొక్క లోతుగ తొలిచిన, అందుకే అనుకున్న" అన్నాడు. తర్వాత ఆయనే అడిగాడు. "మరి ఒక్కోదానికి ఒక్కోటి పలకాలె గదా చెల్లే? మూడు పేలితే ఆరు ఇనరావాలె."

భీమమ్మ కూడా అదే ఆలోచిస్తోంది. "ఎప్పటి లెక్క ఎడమెడంగా పేలితే ఆరు ఇనొచ్చేవే. ఇయ్యాల వత్తులన్నీ ఒకటే కొలత. ఒకదాని మీద ఒకటి పడి పేలినయ్. మొదటి రెండిటికి గుట్ట పలికిన పలుకు వెనక మోతల కింద నలిగిపోయింది. ఆఖరుదాని వెనక ఏం లేదు గదా, గందుకే దాని పలుకొక్కటి బయటపడ్డది."

మాసయ్య మూడు రాళ్లు కుడి చేతిలోకి మార్చుకుని, ఎడమ చేతిలో మిగిలిన ఒక్క రాయి వైపు చూశాడు. "నా చేతులతోటి నిన్ను సంపుదును గదా నాగన్నా" అన్నాడు. వడ్డె మాసయ్య ఏడవడం కూలీలు అదే మొదటిసారి చూశారు.

ఆ రోజు ఎవరూ దిగలేదు. మబ్బు నాలుగు చినుకులు రాల్చి పక్క ఊరికి పోయింది.

మర్నాడు పొద్దు పొడిచాక నాగన్నే దిగాడు. ముట్టించినవాడే దిగాలి, కట్టుబాటు కట్టుబాటే. ఇనుము ముక్క కూడా వెంట తీసుకుపోలేదు. చేతులతో ఒక్కో రాయి ఎత్తి తట్టలో పెట్టాడు. భీమమ్మ బావి ఒడ్డున బోర్లా పడుకుని చూస్తోంది. ఊపిరి గట్టిగా వదిలితే కూడా ఏదో అయిపోతుందని భయం. చాలాసేపటికి కింద నుంచి నాగన్న గొంతు వచ్చింది. "ఉన్నది."

మొదటి పేలుడుకు ఎగిరిన బండ ముక్క ఒకటి పడి, నాలుగో వత్తిని మధ్యలో తెంపేసింది. కూరిన మందు కూరినట్టే ఉంది. అది ఉన్నది సరిగ్గా ఆ చెమ్మ రాయి పక్కనే. నీళ్ల కోసం నాగన్న మొదటి గడ్డపార వేయాలనుకున్నదీ అక్కడే.

మాసయ్య దిగి, దాన్ని కెలక్కుండా పైన కాస్త కొత్త మందు పెట్టి, ఎక్కడో అడిగి తెచ్చిన వత్తి ముక్క అమర్చాడు. నాగన్న ముట్టించి పైకి వచ్చాడు. అందరూ గొర్లదొడ్డి గోడ చాటున చేరారు. జోగులమ్మను నేల మీద బాగా ఆనించి కూర్చోబెట్టారు. నిన్న నవ్విన కూలీలే ఆమె కింద గోనెపట్టా పరచబోతే భీమమ్మ వద్దని తీసేసింది.

బావి పేలింది. పొగతో పాటు రాళ్లు పైకి లేచాయి. జోగులమ్మ ఒక వేలు ఎత్తింది. అప్పుడు గుట్ట పలికింది, ధన్ అని, నిన్నటిలాగే మెత్తగా. ఎవరూ నవ్వలేదు. నాగన్న గోడ పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. తన కాళ్ల కింద పేలవలసిన మోతను దూరంగా కూర్చుని వినడం ఆయన వల్ల కాలేదు. భీమమ్మ వచ్చి పక్కన కూర్చుంది. పొగ పోయాక మాసయ్య ఒక్క రాయిని చేయి మార్చి, బావిలోకి తొంగి చూసి, నీళ్లు ఊరుతున్నాయని కేక వేశాడు. అంత ఆశపడిన నీళ్ల కోసం కూడా నాగన్న వెంటనే లేవలేకపోయాడు.

ఆ సాయంత్రం భీమమ్మ పొయ్యి మీద రొట్టె వేసి, ఉప్పు కోసం లోపలికి పోతుంటే, దొడ్లోంచి పిలుపు వినబడింది. "భీమమ్మా, జర ఇటు రా."

నాగన్న గోలెం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేలి కొసన నీటిబొట్టు. నీళ్ల మీద ఎక్కణ్ణుంచో ఏరి తెచ్చిన జొన్న పొట్టు. బొట్టు వదిలాడు. అల అంచుకు పోయి తిరిగి వచ్చింది, పొట్టు లేచి దిగింది. మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది, ప్రతిసారీ కాస్త పలచబడుతూ. చివరికి నీళ్లు అద్దంలా నిలిచాయి.

"గిది నాకు సమజైతలేదే" అన్నాడు నాగన్న, తల ఎత్తకుండా. "పొయ్యొచ్చే అల ఆఖరుకు ఏమైపోతది? ఎందుకు ఆగిపోతది?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. భీమమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పక్కన గొంతుక్కూర్చుంది. "నాకూ తెల్వదయ్యా. మళ్ల ఒక బొట్టు వెయ్యి, సూద్దాం" అంది.

లోపల నుంచి జోగులమ్మ, రొట్టె మాడుతోందని అరుస్తోంది. చెవులు లేకపోయినా ఆమెకు ముక్కు ఉంది. ఇద్దరూ లేవలేదు. ఆ రాత్రి నాగన్న ఆ మాడిన రొట్టెను, నల్లటి ముక్క కూడా పక్కన పెట్టకుండా, మొత్తం తిన్నాడు.